సముద్రం... ఎడమ పక్కనే!

మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్‌కి విమానంలో వెళ్తే గంటన్నర కూడా పట్టదు. హైవే పట్టుకుంటే కార్లో ఎనిమిది గంటలు. అదే సముద్రం పక్కనుంచి వెళ్తే... అయిదు రోజులు! ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఆ అయిదు రోజులూ ఎలాగైనా దాచుకోవాలి. ఎందుకంటారా... పదండి, ఆ దారినే వెళ్దాం.

కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో మెల్‌బోర్న్ వెళ్లిన అమ్మానాన్నలకి నెల తిరిగేసరికి ఊళ్లో చూడాల్సినవన్నీ అయిపోతాయి. ట్రామ్ ఎక్కేశారు, గుడికి వెళ్లొచ్చారు, మనవడి బడీ చూసేశారు. అప్పుడు ఓ శనివారం రాత్రి భోజనాల దగ్గర మాట వస్తుంది, 'సరదాగా అడిలైడ్ దాకా వెళ్లొద్దామా' అని. పిల్లలు ఫోన్లో మ్యాపు తీస్తారు. దాదాపు 730 కిలోమీటర్లు, ఎనిమిది గంటలు అని చూపిస్తుంది. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లి ఇంకో వంద కిలోమీటర్లు ముందుకు పోయినంత. 'పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి చేరిపోతాం' అనుకుంటారు.

చేరిపోతారు కూడా. కాకపోతే చూసేది గోధుమ చేలు, గొర్రెల మందలు, పెద్ద పెద్ద లారీలు. అసలైన ఆస్ట్రేలియా ఆ దారికి దక్షిణాన, తీరం వెంబడి ఉంటుంది. ఆ దారి వెయ్యి కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. దూరంలో తేడా మూడొందల కిలోమీటర్లే, కానీ రెండూ ఒకటి కాదు. హైవే మీద వంద కిలోమీటర్లంటే గంట. తీరం దారిలో మలుపులు, దిగి చూడాల్సిన చోట్లు, ఫొటోలు కలుపుకొంటే అదే వంద కిలోమీటర్లకి సగం రోజు. చాలామంది పొరబడేది ఇక్కడే. కిలోమీటర్లు లెక్కేసుకుని రెండు రోజుల్లో ముగించాలనుకుంటారు. రెండోరోజు సాయంత్రానికి డ్రైవింగ్ చేసేవాళ్లకి కళ్లు మూసుకుపోతుంటాయి, వెనక సీట్లో పెద్దవాళ్లకి కాళ్లు పట్టేస్తాయి. అందుకే ఈ ప్రయాణానికి ఒకటే సూత్రం... లెక్క కిలోమీటర్లలో కాదు, పగళ్లలో వేసుకోవాలి. రోజుకి నాలుగు గంటలకు మించి స్టీరింగ్ పట్టుకోకుండా చూసుకుంటే అయిదు పగళ్లు, నాలుగు రాత్రులు సరిగ్గా సరిపోతాయి.

ఇంకో చిన్న చిట్కా. అక్కడా మనలాగే రోడ్డుకి ఎడమవైపే నడపాలి. మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ వైపు వెళ్తుంటే సముద్రం కూడా ఎడమ పక్కనే ఉంటుంది. అంటే మీ కారుకీ కెరటాలకీ మధ్య ఇంకో వాహనం అడ్డురాదు. వ్యూ పాయింట్ కనిపించగానే ఎదురొచ్చే కార్లకి అడ్డంపడి తిరగాల్సిన పనీ లేదు. అడిలైడ్ నుంచి మొదలుపెడితే ఈ సుఖం ఉండదు.

సైనికులు తవ్విన దారి

మొదటిరోజు మజిలీ అపోలో బే. మెల్‌బోర్న్ నుంచి 190 కిలోమీటర్లే. జీలాంగ్ దాటి టోర్కే చేరితే అక్కడ మొదలవుతుంది గ్రేట్ ఓషన్ రోడ్డు. 243 కిలోమీటర్ల పొడవున, వార్నంబూల్ పక్కనున్న ఆలన్స్‌ఫోర్డ్ దాకా. టోర్కే దగ్గర్లోని బెల్స్ బీచ్ సర్ఫింగ్‌కి ప్రసిద్ధి. ఏటా ఈస్టర్ రోజుల్లో ఇక్కడ జరిగే పోటీలకు ప్రపంచం నలుమూలల నుంచీ ఆటగాళ్లు వస్తారు.

కాస్త ముందుకు వెళ్తే ఈస్టర్న్ వ్యూ అనేచోట రోడ్డుకి అడ్డంగా దుంగలతో కట్టిన తోరణం ఒకటి కనిపిస్తుంది. అందరూ దాని కింద నిలబడి ఫొటో దిగుతారు. అదెందుకుందో తెలుసుకుంటే రోడ్డుని చూసే చూపే మారిపోతుంది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని కావాలి. యుద్ధంలో చనిపోయిన తోటివాళ్లకి గుర్తుగా ఏదైనా కట్టాలి. ఆ రెండు అవసరాల్లోంచి పుట్టింది ఈ దారి. 1919 సెప్టెంబరులో మొదలుపెడితే పూర్తయ్యేసరికి 1932 నవంబరు వచ్చింది. దాదాపు మూడువేలమంది మాజీ సైనికులు గునపాలతో, పారలతో, తోపుడు బళ్లతో కొండ అంచుని తొలిచారు. పనిచేస్తూ కొందరు చనిపోయారు కూడా. ప్రపంచంలోకెల్లా అతి పెద్ద యుద్ధస్మారకం అంటే ఏ శిలాస్తంభమో కాదు, ఈ రోడ్డే.

దీనికోసం ఊరూరా తిరిగి చందాలు పోగుచేసినవాడు జీలాంగ్ మేయర్ హోవర్డ్ హిచ్‌కాక్. రోడ్డు పూర్తవడానికి మూడు నెలల ముందు, 1932 ఆగస్టులో ఆయన గుండెజబ్బుతో చనిపోయాడు. ప్రారంభోత్సవంనాడు గవర్నరు కారు వెనకే ఆయన కారునీ నడిపించారట. ఆ దారిలో నవ్వుకునే కథలూ ఉన్నాయి. 1924లో 'కేసినో' అనే స్టీమరు కేప్ పాటన్ దగ్గర రాళ్లలో ఇరుక్కుంది. బరువు తగ్గించుకోవడానికి అయిదొందల పీపాల బీరుని సముద్రంలోకి దొర్లించేశారు. అవన్నీ ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఇంకేముంది... రోడ్డు పని రెండు వారాలు బంద్!

దారిలో లోర్న్ అందమైన ఊరు. భోజనానికి అక్కడ ఆగొచ్చు. ఆ తర్వాత వచ్చే వై రివర్ అనే పల్లెలో కొత్త ఇళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. 2015లో సరిగ్గా క్రిస్మస్ రోజున కార్చిచ్చు వచ్చి ఇక్కడా, పక్క ఊళ్లోనూ కలిపి నూటపదహారు ఇళ్లు కాలిపోయాయి. ముందే ఊళ్లు ఖాళీ చేయించడంతో ఒక్క ప్రాణమూ పోలేదు. మరికాస్త దూరంలోనే కెన్నెట్ రివర్. అక్కడ యూకలిప్టస్ చెట్ల కొమ్మల్లో బూడిదరంగు మూటల్లా కోలాలు నిద్రపోతుంటాయి. తలెత్తి ఓపిగ్గా వెతకాలంతే.

పన్నెండు కాదు... ఎనిమిదే!

రెండోరోజు దారి సముద్రాన్ని వదిలి ఆట్వే అడవుల్లోకి మళ్లుతుంది. ఆకాశాన్నంటే చెట్లు, వాటి కింద గొడుగుల్లాంటి ఫెర్న్ మొక్కలు. మెయిట్స్ రెస్ట్ దగ్గర చెక్కబాట మీద అరగంట నడిస్తే చాలు, వెయ్యేళ్లు వెనక్కి వెళ్లినట్టుంటుంది. కాస్త పక్కకి వెళ్తే కేప్ ఆట్వే లైట్‌హౌస్. 1848 నాటిది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో ఇప్పటికీ నిలిచున్న లైట్‌హౌస్‌లలో ఇదే పాతది. ఒకప్పుడు ఇంగ్లండు నుంచి నెలల తరబడి ప్రయాణించి వచ్చే వలసజీవులకు మొదట కనిపించిన ఆస్ట్రేలియా ఈ దీపమే.

సాయంత్రానికి పోర్ట్ క్యాంబెల్ చేరాలి. దానికి కాస్త ముందే వస్తాయి, ఈ దారంతటికీ పేరు తెచ్చిన 'ట్వెల్వ్ అపోజల్స్'. క్రీస్తు శిష్యులు పన్నెండుమంది పేరు పెట్టారు కానీ, ఇక్కడ పన్నెండు రాతిస్తంభాలు ఎప్పుడూ లేవు. తొమ్మిదే ఉండేవి. అంతకుముందు వీటిని 'పందీ, పందిపిల్లలూ' అని పిలిచేవారు. ఆ పేరుకి పర్యాటకులు రారని 1920ల్లో మార్చేశారు! సున్నపురాయి కొండని సముద్రం తొలుస్తుంది. ముందు గుహ ఏర్పడుతుంది. అది రెండువైపులా తెరుచుకుని వంతెన అవుతుంది. వంతెన కూలి స్తంభం మిగులుతుంది. చివరికి స్తంభమూ పోతుంది. 2005 జులై 3న యాభై మీటర్ల స్తంభం ఒకటి చూస్తుండగానే కుప్పకూలింది. ఇప్పుడున్నవి ఎనిమిది. మన మనవలు వాళ్ల మనవల్ని తీసుకొచ్చేసరికి ఎన్నుంటాయో చెప్పలేం.

మెల్‌బోర్న్ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగెళ్లిపోయే టూరిస్టు బస్సులు వీటిని సాధారణంగా మిట్టమధ్యాహ్నమే చూపిస్తాయి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు అవి ఉత్త రాళ్లే. పొద్దుగూకేవేళ చూడాలి. పసుపు, నారింజ, ఎరుపు... రంగులు మారుతూ పోతాయి. అందుకే ఆ రాత్రి పోర్ట్ క్యాంబెల్‌లో బస అన్నది. మర్నాడు తెల్లవారుజామున మళ్లీ వెళ్తే జనమే ఉండరు.

అక్కడికి దగ్గర్లోనే 'లండన్ బ్రిడ్జి'. రెండు కమానులున్న రాతివంతెన. 1990 జనవరి 15న ఒడ్డువైపు కమాను ఉన్నట్టుండి కూలిపోయింది. అప్పుడే దాన్ని దాటి చివరికి వెళ్లిన ఇద్దరు పర్యాటకులు సముద్రం మధ్యలో చిక్కుకుపోయారు. హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్లాల్సి వచ్చింది. కంచెలు, హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టరనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఒక్కరాత్రి దూరంలో...

మూడోరోజు పొద్దున్న తప్పకుండా ఆగాల్సిన చోటు లాక్ ఆర్డ్ గార్జ్. రెండు కొండల మధ్య ఇరుకైన సందులోంచి సముద్రం లోపలికొచ్చి చిన్న ఇసుకతీరాన్ని తాకుతుంటుంది. ప్రశాంతంగా ఉన్న ఆ చోటికి ఆ పేరు ఓ ఓడది. 1878లో 'లాక్ ఆర్డ్' ఇంగ్లండు నుంచి యాభైనాలుగుమందితో బయల్దేరింది. మూడు నెలల ప్రయాణం. మర్నాడు మెల్‌బోర్న్ చేరతామనగా, జూన్ 1 తెల్లవారుజామున పొగమంచులో కొండకి గుద్దుకుంది. ఇద్దరే బతికారు. ఒకరు టామ్ పియర్స్ అనే కుర్ర నావికుడు. ఇంకొకరు ఇవా కార్మైకేల్. ఇద్దరికీ ఇరవయ్యేళ్లు లేవు. కొట్టుకొచ్చిన ఆ అమ్మాయి కేకలు విని టామ్ మళ్లీ నీళ్లలోకి దూకాడు. ఆమెను ఒడ్డుకి చేర్చి, కొండెక్కి వెళ్లి సాయం తెచ్చాడు. కొత్త దేశంలో బతుకుదామని ఐర్లండు నుంచి కుటుంబమంతా కలిసి బయల్దేరితే, ఓడలో ఉన్న అమ్మానాన్నలూ తోబుట్టువులూ అందరూ పోయి ఇవా ఒక్కతే మిగిలింది. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటే బాగుండునని జనం ముచ్చటపడ్డారు. ఆ అమ్మాయి మాత్రం కొన్నాళ్లకి ఐర్లండు తిరిగి వెళ్లిపోయింది.

ఆ ఓడలో మెల్‌బోర్న్ ప్రదర్శన కోసం పంపిన పెద్ద పింగాణీ నెమలి ఉంది. అంత ప్రమాదంలోనూ అది దాదాపు చెక్కుచెదరలేదు! వార్నంబూల్‌లోని ఫ్లాగ్‌స్టాఫ్ హిల్ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. గార్జ్ చూసి, చనిపోయినవారి సమాధుల దగ్గర కాసేపు నిలబడి, తర్వాత ఆ నెమలిని చూస్తే... కథ పూర్తయినట్టుంటుంది. జూన్-సెప్టెంబరు మధ్య వెళ్తే అదే ఊళ్లోని లోగన్స్ బీచ్‌లో పిల్లల్ని కనడానికి వచ్చే తిమింగలాలు ఒడ్డునుంచే కనిపిస్తాయి.

అక్కడినుంచి ఒకప్పటి అగ్నిపర్వతాల నేల. టవర్ హిల్ చల్లారిన అగ్నిపర్వతం. దాని బిలంలోకే కారు దిగుతుంది. ఈమూ పక్షులు మన కోళ్లలా రోడ్డుమీద తిరుగుతుంటాయి. కాస్త లోపలికి వెళ్తే బుజ్ బిమ్. లావా రాళ్లతో కాలువలూ గోడలూ కట్టి, పాముల్లాంటి ఈల్ చేపల్ని పెంచిన గుండిజ్‌మారా మూలవాసుల ఊరు. ఆ కట్టడాలు కనీసం 6,600 ఏళ్లనాటివి. ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అరగంట లాభం!

విక్టోరియా దాటి సౌత్ ఆస్ట్రేలియాలోకి అడుగుపెట్టగానే వాచీని అరగంట వెనక్కి తిప్పుకోవాలి. మామూలు రోజుల్లో మెల్‌బోర్న్ మనకన్నా నాలుగున్నర గంటలు ముందుంటే అడిలైడ్ నాలుగు గంటలే ముందుంటుంది. వాళ్ల వేసవిలో రెండుచోట్లా ఇంకో గంట కలుపుకోవాలి.

మూడోరోజు బస మౌంట్ గాంబియర్. అగ్నిపర్వతం బిలంలో ఏర్పడిన బ్లూ లేక్ ఈ ఊరి మంచినీళ్ల చెరువు. చలికాలమంతా బూడిదరంగులో ఉండే నీళ్లు నవంబరు, డిసెంబరు వచ్చేసరికి సిరా ఒంపినట్టు ముదురు నీలంగా మారిపోతాయి. మార్చి దాకా అంతే. ఎండలు పెరిగినకొద్దీ నీటిలోని సున్నం సన్నని రేణువులుగా విడిపోవడమే దీనికి ముఖ్య కారణమంటారు. పక్కనే అంఫర్‌స్టన్ సింక్‌హోల్. నేల కుంగి ఏర్పడిన పెద్ద గొయ్యిలో పూలతోట! చీకటి పడ్డాక గోడల్లోంచి పోసమ్‌లు బయటికొస్తాయి. పిల్లలకి ఇంతకన్నా ఆటవిడుపు ఉండదు.

నాలుగోరోజు విశ్రాంతి ప్రయాణమే. 130 కిలోమీటర్ల లోపే రోబ్. సున్నపురాతి ఇళ్లు, చేపల పడవలతో ముచ్చటైన రేవు ఊరు. దీనికీ ఒక వలస కథ ఉంది. బంగారు గనులకోసం వచ్చే చైనీయుల మీద విక్టోరియా ప్రభుత్వం 1855లో తలకి పది పౌండ్ల పన్ను వేసింది. దాన్ని తప్పించుకోవడానికి వాళ్లు ఓడల్ని పక్క రాష్ట్రంలోని రోబ్‌కి మళ్లించుకున్నారు. పదహారువేల మందికి పైగా ఇక్కడ దిగి, గనులదాకా నాలుగొందల కిలోమీటర్లు నడిచి వెళ్లారు. ఏసీ కార్లో ఆ దారికి ఎదురు వెళ్తున్నప్పుడు ఒక్కసారి వాళ్లని తలుచుకోకుండా ఉండలేం.

పెలికన్ల ఇలాకా

చివరిరోజు 330 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున్నే బయల్దేరాలి. కింగ్‌స్టన్‌లో పదిహేడు మీటర్ల ఎర్రటి రొయ్య బొమ్మ స్వాగతం పలుకుతుంది. 1979లో కట్టిన దాన్ని ముద్దుగా 'లారీ' అంటారు. అక్కడ ట్యాంకు నింపుకోవాలి. మెనింగీ దాకా 145 కిలోమీటర్లలో సాల్ట్ క్రీక్ అనే ఒక్క చిన్న మజిలీ తప్ప ఇంకేం ఉండదు.

ఆ ఏమీ లేకపోవడమే కూరాంగ్ అందం. ఒకపక్క ఉప్పునీటి మడుగు, దానికావల ఇసుకదిబ్బలు, వాటికావల కనిపించకుండా హోరెత్తే సముద్రం. వందకు పైగా కిలోమీటర్లు ఇదే దృశ్యం. తెల్లటి పెలికన్లు గుంపులుగా తేలుతుంటాయి. పులికాట్ చూసినవాళ్లకి చప్పున నేలపట్టు గుర్తొస్తుంది. 'స్టార్మ్ బాయ్' సినిమా 1976లో తీసింది ఇక్కడే. కారాపి, ఇంజను కట్టేసి, పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. ప్రయాణమంతటిలో పెద్దవాళ్లకి ఎక్కువ నచ్చేది ఇదే కావచ్చు.

తర్వాత వెల్లింగ్టన్ దగ్గర ముర్రే నదిని పంటు మీద దాటాలి. కారుతో సహా ఎక్కించుకుంటారు, పైసా అడగరు. గోదావరి జిల్లాలవాళ్లకి ప్రాణం లేచొస్తుంది! ఆపై అడిలైడ్ కొండల్లో హాన్‌డార్ఫ్. 1839లో జర్మన్లు కట్టుకున్న పల్లె. అక్కడ కాఫీ తాగి కొండ దిగితే, చుట్టూ పార్కుల మధ్య చదరంగం పలకలా పరిచిన అడిలైడ్ నగరం.

అయిదు రోజుల్లో అన్నీ చూడలేరు. చూడక్కర్లేదు కూడా. పిల్లల సెలవులు, అమ్మ మోకాళ్లు, నాన్న మందుల వేళలు... అన్నీ చూసుకుని రోజుకి రెండు చోట్లు ఎంచుకుంటే చాలు. పనుల్లో పడి ఏడాదంతా వీడియోకాల్‌లోనే కలుసుకునే కుటుంబం అయిదు రోజులు ఒకే కార్లో కూర్చోవడమే అసలు విహారం. సముద్రం పక్కన ఎలాగూ ఉంటుంది!

బయల్దేరేముందు...

* రుతువులు మనకి తిరగేసి ఉంటాయి. డిసెంబరు-ఫిబ్రవరి వేసవి. గదులు దొరకవు, ఖరీదెక్కువ, కార్చిచ్చు హెచ్చరికలు చూసుకోవాలి. జూన్‌లో అయిదు దాటితే చీకటే. మార్చి, నవంబరు నెలలు అన్నివిధాలా మేలు.

* సందర్శకులు ఇంగ్లిషులో ఉన్న మన లైసెన్సుతో నడపొచ్చు. అద్దెకారు కంపెనీ అంతర్జాతీయ పర్మిట్ కూడా అడుగుతుందేమో ముందే కనుక్కోవాలి. కారు అడిలైడ్‌లో అప్పగిస్తే అదనపు రుసుము ఉండొచ్చు. ఏడేళ్లలోపు పిల్లలకి తగిన సీటు తప్పనిసరి.

* తెల్లవారుజామున, సందెవేళ కంగారూలు రోడ్డుమీదికొస్తాయి. చీకటిపడేలోపు బసకి చేరిపోవాలి. అడ్డొస్తే బ్రేకు వేయాలే తప్ప స్టీరింగ్ పక్కకి తిప్పకూడదు. రెండు గంటలకోసారి ఆగాలి.

* పండ్లు, టమాటాలు, పచ్చిమిరపకాయలు, నిమ్మకాయల్లాంటివి సౌత్ ఆస్ట్రేలియాలోకి తీసుకెళ్లకూడదు. పండుఈగ రాకుండా ఈ జాగ్రత్త. పట్టుబడితే జరిమానా. పులిహోర కలిపి తీసుకెళ్తే ఇబ్బంది లేదు!

* చిన్న ఊళ్లలో హోటళ్లు రాత్రి తొందరగా కట్టేస్తారు. శాకాహారులకి దొరికేవీ తక్కువే. వంటగది ఉన్న గది తీసుకుని, రైస్‌కుక్కర్ కారులో పడేసుకోవడం మంచిది.

* ఎరుపు-పసుపు జెండాల మధ్యలోనే సముద్రస్నానం చేయాలి. జెండాల్లేని బీచ్‌లో మోకాళ్లదాకా దిగినా ప్రమాదమే. అత్యవసరమైతే 000కి ఫోన్ చేయాలి.